చేతిపని నగ, చరిత్ర ఆధారం: కంసాలి కుంపటి నుంచి ఫిలింనగర్ దాకా

పరిచయం

జూబ్లీహిల్స్‌లోని మన విశ్వవిద్యాలయ ప్రాంగణానికి సంపర్క తరగతుల కోసం వచ్చే విద్యార్థులకు దారిలో రెండు రకాల బంగారం కనిపిస్తుంది. మొదటిది పెద్ద నగల దుకాణాల హోర్డింగుల మీద, సినీతారల మెడలో మెరిసేది. రెండోది కొండ దిగువన కృష్ణానగర్ సందుల్లో, షూటింగులకు సామాను అద్దెకిచ్చే కొట్లలో మేకులకు వేలాడేది: కిరీటాలు, భుజకీర్తులు, వడ్డాణాలు, వంకీలు. హోర్డింగు మీద ఉన్నది బంగారమే. కొట్లో ఉన్నది ఇత్తడి, రాగి, అట్ట, పూత. అయితే ఈ రెండింటిలో ఏది యంత్రం చేసింది, ఏది మనిషి కూర్చుని ఆలోచించి చేసింది అని అడిగితే జవాబు మనం అనుకున్నంత తేలిక కాదు. ఈ వ్యాసం ఆ ప్రశ్న గురించే.

కొన్నేళ్ల కిందట ఒక ఆదివారం తరగతిలో కాకతీయుల కాలం నాటి వృత్తుల గురించి పాఠం చెబుతున్నాను. వెనక బెంచీలోంచి ఒక నడివయసు విద్యార్థి లేచి నిలబడ్డారు. "సార్, రాజు పేరుంది. గుడి కట్టించిన సేనాని పేరుంది. గుడి మీద బొమ్మ మెడలో నగ కూడా ఉంది. ఆ నగ చూసి రాయి చెక్కారంటే ముందు నగ చేసినవాడు ఒకడుండాలి కదా. అతనెక్కడ?" అని అడిగారు. ఆయనది కంసాలి వృత్తి. పగలు పని, రాత్రి చదువు. నేను పంచాణం వారి గురించి, అంటే కమ్మరి, వడ్రంగి, కంచరి, శిల్పి, కంసాలి అనే ఐదు వృత్తుల గురించి పుస్తకంలో ఉన్నది చెప్పాను. ఆయన వినయంగా కూర్చున్నారు గాని, తాను అడిగినదానికి అది జవాబు కాదని నాకూ తెలుసు, ఆయనకూ తెలుసు.

కరిగిపోయే ఆధారం

చరిత్రకారుడికి కుండపెంకు నమ్మకమైన మిత్రుడు. పగిలినా పోదు. బంగారం అలా కాదు, అది ఎప్పుడూ మరో నగ కావడానికి సిద్ధంగా ఉంటుంది. తరం మారగానే అమ్మమ్మ నగ మూసలోకి వెళ్లి మనుమరాలి నగగా బయటికొస్తుంది. విలువ నిలుస్తుంది, పని పోతుంది. అందువల్ల తెలుగునేలపై రెండు వేల ఏళ్ల నగల చరిత్రను మనం ఎక్కువగా రాతిలో చదువుకోవలసి వస్తోంది.

అమరావతి శిల్పాలు ఇప్పుడు కొన్ని చెన్నై మ్యూజియంలో, కొన్ని లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. వాటిలోని స్త్రీల కాళ్లకు బరువైన కడియాలు, నడుముకు పేటలు పేటలుగా మొలనూళ్లు, చెవులకు పెద్ద కుండలాలు కనిపిస్తాయి. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన రామప్ప గుడిలోని మదనికల దగ్గరికి వస్తే శిల్పి నగను నగలాగే చెక్కాడు. పేట ఎక్కడ మడత పడింది, పతకం ఎక్కడ వేలాడింది, గొలుసు కింద నీడ ఎంత లోతు ఉండాలి అన్నది చూసుకుని చెక్కాడు. నల్లరాతిలో అంత సన్నని పని చేయాలంటే ఎదుట ఒక అసలు నగ ఉండి ఉండాలన్నది నా అభిప్రాయం. ఊహలోంచి ఆకారం వస్తుందేమో గాని, అతుకు పడిన చోటు రాదు.

ఇక శాసనాలు. శ్రీకృష్ణదేవరాయలు 1513లో తిరుమలకు మొదటిసారి వచ్చి రత్నకిరీటాన్ని సమర్పించిన సంగతి అక్కడి శాసనాల్లో ఉంది. ఇలాంటి దానశాసనాల్లో దాత పేరు ఉంటుంది, నగ పేరు ఉంటుంది, రాళ్ల వివరం, బరువు ఉంటాయి. చేసిన చేయి పేరు మాత్రం సాధారణంగా కనిపించదు. దీనికి మినహాయింపులు లేకపోలేదు. రాజరాజ నరేంద్రుడి నందంపూడి తామ్రశాసనాన్ని తీసుకోండి. దాన్ని రచించినది నన్నయభట్టు అని మనం బడిలోనే చదువుకుంటాం. అదే శాసనం చివర లేఖకుడిగా గండాచార్యుడి పేరు కూడా ఉంది. రాగిరేకు మీద అక్షరాన్ని నిలిపిన మనిషి ఆయన. తెలుగు సాహిత్య చరిత్రలన్నీ మొదటి పేరును పట్టుకున్నాయి. రెండో పేరు దగ్గర ఆగినవాళ్లు తక్కువ. ఆ రోజు తరగతిలో ఈ సంగతి నాకు గుర్తుకు రాలేదు. వచ్చి ఉంటే ఆ విద్యార్థికి కనీసం ఒక పేరైనా చెప్పగలిగేవాణ్ని.

ఇక్కడ నా స్వంత సంగతి ఒకటి చెప్పాలి. మా అమ్మకు ఒక నాగరం ఉండేది. జడ మొదట్లో పెట్టుకునే పాముపడగ ఆకారపు బిళ్ల అది. ఇప్పటి పిల్లలకు ఆ పేరు కూడా తెలియదు. 1990లలో మా అమ్మాయి పెళ్లికి దాన్ని ఒక దుకాణానికి తీసుకెళ్లి మార్చాను. లోపల లక్క ఉందని కొంత తీసేశారు, పాతది కాబట్టి తరుగని మరికొంత తీసేశారు. మిగిలినదాన్ని ఆ రోజు ధరకు లెక్కగట్టారు. అన్నీ న్యాయంగానే చేశారు, వాళ్లను అనడానికేమీ లేదు. ఇంటికొచ్చాక రాత్రి గుర్తొచ్చింది, దాని వెనక మూలన మొనతో గీసిన రెండు చిన్న అక్షరాలు ఉండేవి. చిన్నప్పుడు ఎన్నోసార్లు వేలితో తడిమాను. అవి చేసినవాడి పేరులోవా, మా అమ్మమ్మ పేరులోవా, తాకట్టు పెట్టినప్పుడు గుర్తుకోసం గీసినవా, ఎన్నడూ చదవలేదు. ముప్పై ఏళ్లు శాసనాల నకళ్లు చదివి జీతం తీసుకున్న మనిషి ఇంట్లో ఉన్న శాసనాన్ని తూకానికి అమ్మేశాడు.

చేయి ఎలా ఆలోచిస్తుంది?

'చేతిపని' అనగానే మనలో చాలామందికి ఓపిక, నైపుణ్యం గుర్తొస్తాయి గాని, ఆలోచన గుర్తురాదు. ఆలోచన పుస్తకాలవారిదని, పని చేతులవారిదని మనం ఎప్పుడో పంచిపెట్టేశాం. 1909లో ఆనంద కుమారస్వామి భారతీయ చేతివృత్తుల వారి మీద పుస్తకం రాసి ఈ పంపకాన్ని ప్రశ్నించారు. గొప్ప పని. అయితే ఆయన చేతివృత్తి చుట్టూ ఉన్న పవిత్రతను చూసినంత దగ్గరగా కూలి లెక్కను చూడలేదని నాకనిపిస్తుంది. తర్వాత 1983లో అమెరికన్ పండితుడు డొనాల్డ్ షోన్ మరో కోణంలో చెప్పారు. నిపుణుడు ముందు ఆలోచించి తర్వాత పని చేయడు, పనిలోనే ఆలోచిస్తాడు, వస్తువు ఎదురుచెప్పినప్పుడు దారి మార్చుకుంటాడు అన్నది ఆయన వాదన సారాంశం. ఆయన ఉదాహరణలు ఎక్కువగా ఇళ్ల నమూనాలు గీసేవారివి, వైద్యులవి. మనకు కరీంనగర్ చాలు.

కరీంనగర్ వెండి తీగ పని, అంటే ఫిలిగ్రీ, మూలాలు ఎలగందులలో ఉన్నాయని చెబుతారు. ఎలగందుల అప్పట్లో జిల్లా కేంద్రం. 20వ శతాబ్ది ఆరంభంలో కేంద్రం కరీంనగర్‌కు మారాక పనివారూ అక్కడ స్థిరపడ్డారు. అత్తరుదానులు, పాన్‌దాన్లు, గుండీలు, నగల పెట్టెలు వీరి పనిలో పేరు పొందినవి. 2007లో దీనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది.

పని జరిగే తీరు చూడండి. మేలిమి వెండిని మూసలో కరిగించి కడ్డీ పోస్తారు. ఆ కడ్డీని దాగలి మీద సాగగొట్టి, కమ్మచ్చులోంచి లాగుతారు. కమ్మచ్చు అంటే వరుసగా సన్నబడే బెజ్జాలున్న ఉక్కు పలక. ఒక్కో బెజ్జంలోంచి లాగినకొద్దీ తీగ సన్నబడుతుంది, బిరుసెక్కుతుంది కూడా. ఇంకో బెజ్జంలోకి దూర్చే ముందు దాన్ని కాచి మెత్తబరచాలా, లేక ఇంకొక్కసారి లాగవచ్చా? ఏ పుస్తకమూ చెప్పదు. లాగే చేతికి తగిలే బిగువు చెబుతుంది. అలా వెంట్రుకలా దిగిన రెండు తీగలను కలిపి మెలివేసి నొక్కితే అంచు సన్నని పూసల వరుసలా కనబడుతుంది. దాన్ని పట్టకారుతో చుట్లు చుట్టి, కొంచెం లావు తీగతో కట్టిన చట్రంలో పొదుగుతారు.

అసలు పరీక్ష తర్వాత వస్తుంది. చట్రానికీ చుట్లకూ అతుకు పడాలి. వెలిగారంతో కలిపిన అతుకు పొడి చల్లి, ఊదుగొట్టంతో మంట పంపిస్తారు. చట్రం లావు, లోపలి తీగ సన్నం. వేడి సమానంగా తగిలితే సన్నది ముందు కరిగి ముద్దయిపోతుంది. అందువల్ల మంటను చట్రం చుట్టూ తిప్పుతూ, లోహం రంగు చూస్తూ, అతుకు పొడి ఒక్కసారిగా తళుక్కుమని పారిన క్షణాన ఊపిరి ఆపాలి. ఒక్క క్షణం ఆలస్యమైతే రోజుల పని పోతుంది. ఊదేవాడి ఊపిరి, చూసేవాడి కన్ను, ఆపేవాడి నిర్ణయం ఇక్కడ ఒకే మనిషివి. దీన్ని అలవాటు అనవచ్చు. కానీ అలవాటు ఏ రెండు నగలకూ ఒకటి కాదు, ఎందుకంటే ఏ రెండు నగల్లోనూ చుట్ల మధ్య ఖాళీ ఒకటి కాదు.

ఇంకో ఉదాహరణ ఆదిలాబాద్ ఓజాలది. వీరు రాజ్‌గోండుల దేవతలకు, పండుగలకు కావలసిన గంటలు, బొమ్మలు, నగలు తరతరాలుగా పోతపోస్తున్నారు. ఈ ఆదిలాబాద్ డోక్రా పనికి 2018లో భౌగోళిక గుర్తింపు లభించింది. మట్టితో లోపలి ముద్ద చేసి, దాని మీద మైనపు తీగలతో నగిషీ చుట్టి, పైన మళ్లీ మట్టి పూసి కాలుస్తారు. మైనం కరిగి పోయిన చోటులోకి కరిగిన ఇత్తడి చేరుతుంది. చల్లారాక అచ్చు పగలగొడతారు. అచ్చు పగిలితేనే వస్తువు బయటికొస్తుంది, కాబట్టి ఆ అచ్చులో రెండోది పుట్టదు. మొహెంజొదారో నర్తకి బొమ్మ కూడా ఇదే పద్ధతిలో పోసినది. ఇక్కడ విద్యార్థులు ఒక చిక్కును గమనించాలి. నేటి పెద్ద నగల కర్మాగారాల్లోనూ మైనంతోనే పోత పోస్తారు. రబ్బరు అచ్చులో వందల మైనపు నకళ్లు తీసి, ఒకేసారి పోస్తారు. సూత్రం ఒకటే. తేడా మైనంలో లేదు. నకలు తీయడానికి ముందు ఆ మైనాన్ని ఎవరు తాకారు, ఎన్నిసార్లు మనసు మార్చుకున్నారు అన్నదానిలో ఉంది.

నాటకం కిరీటం, సినిమా కిరీటం

నిజమైన లోహం, నిజమైన నగ అనే లెక్కను నాటకం ఎప్పుడో తారుమారు చేసింది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో 'కీచకవధ' ప్రదర్శనతో మొదలైన సురభి నాటక కుటుంబాల వారికి కిరీటం అంటే తేలికగా ఉండాలి, దీపం వెలుతురులో దూరానికి మెరవాలి, బండిలో వేసుకుని తర్వాతి ఊరికి వెళ్లగలగాలి. తేలిక కర్ర, అట్ట, అద్దపు బిళ్లలు, పూసలు, మెరుపు కాగితం చాలు. కూచిపూడి సత్యభామ జడ చూసినవారికి తెలుసు, ఆ జడ వట్టి అలంకారం కాదు, పాత్రలో సగం. నగ చేసేవాడు అక్కడ దర్శకుడికి దగ్గరివాడు.

ఇదే కాలంలో కృష్ణా తీరాన మరో మార్గం పెరిగింది. మచిలీపట్నం పక్కన చిలకలపూడిలో రాగి మీద బంగారు పూతతో నగలు చేసే పరిశ్రమ ఏర్పడింది. రోల్డ్‌గోల్డ్ అన్నా, చిలకలపూడి బంగారం అన్నా అదే. ఇంటిపట్టున కూర్చుని ఈ పని చేసేవారిలో స్త్రీల సంఖ్య చాలా ఎక్కువ. మన వృత్తుల చరిత్రలు దీన్ని నకిలీ అనే ఒక్క మాటతో దాటవేశాయి. రాళ్లు అతికించే ఆ వేళ్లకు నకిలీ, అసలు అనే తేడా ఉండదు. కన్ను నొప్పి రెండింటికీ ఒకటే.

1932లో 'భక్తప్రహ్లాద'తో తెలుగు టాకీ మొదలైంది. పురాణకథలే ముందు రావడం వల్ల కిరీటాలు, హారాలు నాటక సమాజాల నుంచి నేరుగా స్టూడియోలోకి నడిచాయి. అయితే కెమెరా దగ్గరికి వస్తుంది. దూరం నుంచి మెరిసిన అట్ట దగ్గర నుంచి అట్టలాగే కనబడుతుంది. ఇది నగ చేసేవారికి కొత్త ప్రశ్న. 1957లో కె.వి.రెడ్డి 'మాయాబజార్' తీసినప్పుడు మాధవపెద్ది గోఖలే, కళాధర్ కళాదర్శకులు, మార్కస్ బార్‌ట్లే ఛాయాగ్రాహకుడు. కృష్ణుడి వేషానికి ఎన్.టి.రామారావు మొదట వెనకాడారని, ఒప్పుకున్నాక ఆహార్యం మీద ప్రత్యేక శ్రద్ధ పెట్టారని ఆ చిత్రం గురించి రాసినవారు చెబుతారు. నలుపుతెలుపు చిత్రంలో బంగారానికీ ఇత్తడికీ రంగు తేడా ఉండదు. ఉన్నది వెలుగే. ఎక్కువ మెరిస్తే దీపాల కింద తెల్లని మచ్చ పడి ముఖాన్ని మింగేస్తుంది, తక్కువ మెరిస్తే దేవుడు సామాన్యుడైపోతాడు. ఆ సినిమాను మళ్లీ చూసేటప్పుడు ఒకసారి కథను పక్కనపెట్టి, కిరీటం అంచు మీద వెలుగు ఎక్కడ ఆగిందో చూడండి.

1963

విద్యార్థులు ఈ సంవత్సరాన్ని ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. చైనాతో యుద్ధం తర్వాత, 1963 జనవరిలో, మొరార్జీ దేశాయ్ ఆర్థికమంత్రిగా ఉండగా బంగారం నియంత్రణ నిబంధనలు వచ్చాయి. 14 క్యారెట్లకు మించిన బంగారంతో కొత్త నగలు చేయకూడదన్నది అందులో ప్రధానమైనది. విదేశీ మారకం ఆదా చేయడం, దొంగ రవాణా అరికట్టడం ఉద్దేశం. ఉద్దేశాన్ని ఇక్కడ తప్పుపట్టడం లేదు. కానీ 22 క్యారెట్లకు అలవాటుపడిన చేతికి 14 క్యారెట్లు వేరే లోహం. రాగి, వెండి పాలు పెరిగినకొద్దీ బంగారం గట్టిపడుతుంది, రంగు మారుతుంది, సాగే గుణం తగ్గుతుంది. చేతికి లొంగదు, కొనేవారి కంటికి ఆనదు. దేశమంతటా కంసాలుల కుంపట్లు ఆరిపోయాయి. ఆత్మహత్యలు జరిగాయి, పార్లమెంటులో చర్చలు జరిగాయి. 14 క్యారెట్ల పరిమితిని 1966లో ఎత్తివేశారు గాని, 1968లో బంగారం నియంత్రణ చట్టమే వచ్చింది. అది 1990 దాకా ఉంది.

అదే 1963 మార్చి 29న 'లవకుశ' విడుదలైంది. పూర్తి నిడివి రంగుల చిత్రంగా తెలుగులో అది మొదటిది. తెలుగు ప్రేక్షకుడు అయోధ్య రాజసభలో కిరీటాలను, హారాలను వాటి రంగులో తెర మీద చూశాడు. ఊళ్లో కంసాలి 22 క్యారెట్ల నగ చేస్తే నేరం. తెర మీద పూత నగ ధగధగ మెరుస్తోంది. ఈ రెండింటికీ కార్యకారణ సంబంధం ఉందని నేను అనడం లేదు. చరిత్రలో పక్కపక్కన నిలబడినవన్నీ ఒకదానికొకటి కారణం కావు. అయితే ఆ మూడు నెలల్లో బంగారం అనే ఊహ చేతుల నుంచి కళ్లకు ఎంత దూరం జరిగిందో ఇంతకంటే స్పష్టంగా చూపే జంట నాకు దొరకలేదు.

కొండ మీదికి వచ్చిన సినిమా

మద్రాసు నుంచి తెలుగు సినిమా హైదరాబాదుకు రావడం ఒక్కరోజులో జరగలేదు. 1970ల మధ్యలో అక్కినేని నాగేశ్వరరావు అన్నపూర్ణ స్టూడియో నిర్మించడం, తర్వాత ఫిలింనగర్‌లో సినిమావారి గృహనిర్మాణ సంఘం, రామానాయుడు స్టూడియో, ఫిల్మ్ ఛాంబర్ రావడం మీకు తెలిసిన కథే. పెద్దవారు కొండ మీద ఇళ్లు కట్టుకున్నారు. మేకప్ వారు, దర్జీలు, జూనియర్ ఆర్టిస్టులు, సామాను కొట్లవారు దిగువన కృష్ణానగర్, యూసుఫ్‌గూడలలో గదులు అద్దెకు తీసుకున్నారు. వీరి చరిత్ర ఇంకా ఎవరూ సరిగా రాయలేదు.

అక్కడొక చిన్న గదిలో సినిమా నగలు చేసే పెద్దాయన దగ్గర రెండు మూడు మధ్యాహ్నాలు కూర్చున్నాను. ఇత్తడి రేకును కత్తిరించి, లక్క మీద పరిచి, మొనల సుత్తితో వెనక నుంచి పొడిచి ఉబ్బెత్తు పని తెస్తున్నారు. జనగామ దగ్గర పెంబర్తి లోహశిల్పులు గుడి కవచాలకు చేసే పనికి ఇది దగ్గరి చుట్టం. "వెనక నునుపు చేయరా?" అని అడిగాను. ఆయన నవ్వి, "కెమెరాకు వెనక ఉండదు కదండీ" అన్నారు. ఇంటి నగకు వెనకభాగం ఉంటుంది. ఒంటికి తగిలేది అదే, గుచ్చుకోకూడదు, చెమటకు నల్లబడకూడదు. పాత కంసాలి ముందువైపు ఎంత సమయం పెట్టేవాడో వెనకవైపు దాదాపు అంతే పెట్టేవాడు. సినిమా నగకు ముందువైపే బతుకు.

అయితే ఆ మాటతో ఆయన పనిని తక్కువ చేసి చూడటం పొరపాటు. ఆయన లెక్కలు వేరు. కిరీటం బరువెంత ఉంటే నటుడు పది గంటలు మోయగలడు? మెడ తిప్పినప్పుడు కుండలం బుగ్గకు తగలకుండా ఎక్కడ తెంచాలి? దగ్గరి షాటుకు లోహంతో ఒకటి, పోరాటానికి ఫైబరుతో ఇంకొకటి చేస్తే రెండూ ఒకటే అని నమ్మించేది ఎలా? ఒక వడ్డాణానికి ముగ్గురు నటీమణుల కొలతలు సరిపోయేలా కొక్కేలు ఎక్కడ దాచాలి? ఇవన్నీ ఆయన కాగితం మీద వేయరు. రేకు చేతిలో పట్టుకుని కాసేపు ఊరికే కూర్చుంటారు. ఆ కాసేపు ఆయనకు కూలి కట్టేవారు లేరు.

2015లో 'రుద్రమదేవి' చిత్రానికి నిజమైన బంగారు నగలు వాడారని విస్తృతంగా ప్రచారం జరిగింది. 2017లో విడుదలైన 'బాహుబలి' రెండో భాగానికి నగలు జైపూర్‌లోని ఆమ్రపాలి సంస్థ నుంచి వచ్చాయి. అందమైన పని, అందులో సందేహం లేదు. ఆ పనివారూ మన దేశపు చేతివృత్తివారే. నాకు మాత్రం ఒక చిన్న బాధ మిగిలింది. ఫిలింనగర్ నుంచి కరీంనగర్ 160 కిలోమీటర్లు, పెంబర్తి అంతకంటే దగ్గర. కల్పిత రాజ్యానికి ఒక కల్పిత లోహశైలిని సృష్టించే అవకాశం ఏ తరానికో ఒకసారి వస్తుంది. వెండి తీగ పనివారిని పిలిచి, "మాహిష్మతి రాణి చెవికి ఏం పెడతారు?" అని అడిగి ఉంటే వారు ఏం చేసేవారో ఇప్పుడు తెలుసుకునే మార్గం లేదు. గడువు తక్కువ, సంఖ్య ఎక్కువ, ఒక్కచోట అన్నీ ఇవ్వగల సంస్థ కావాలి అన్న నిర్మాతల ఇబ్బందిని కాదనలేం. అవార్డులు, భౌగోళిక గుర్తింపులు ఇచ్చిన మనం గడువుకు అందించే ఏర్పాటు మాత్రం ఆ కళాకారులకు ఇవ్వలేదు.

చివరగా హాల్‌మార్క్ సంగతి. 2021 జూన్ 16 నుంచి దశలవారీగా బంగారు నగలపై హాల్‌మార్క్ తప్పనిసరి అయింది. ప్రతి నగ మీద ప్రమాణ సంస్థ గుర్తు, స్వచ్ఛత, ఆరు అక్షరాంకెల ప్రత్యేక సంఖ్య ఉంటాయి. కొనేవారికి ఇది మేలు, మోసం తగ్గింది. ఆ సంఖ్యతో వెతికితే అమ్మిన దుకాణం తెలుస్తుంది, పరీక్షించిన కేంద్రం తెలుస్తుంది. చేసినవారి పేరు తెలియదు. 1513 నాటి దానశాసనంలో ఏ గడి ఖాళీగా ఉందో, 2021 నాటి లేజరు ముద్రలోనూ అదే గడి ఖాళీగా ఉంది.

అభ్యాసం

మీ ఇంట్లోనో బంధువుల ఇంట్లోనో ఉన్న ఒక పాత నగను తీసుకోండి. బంగారమే కానక్కరలేదు. వెండి మెట్టె, ఇత్తడి గజ్జె, చిలకలపూడి గాజు, నాటకం కిరీటం, ఏదైనా సరే. ముందుగా వెనకవైపు చూడండి. అతుకులు ఎన్ని, ఎక్కడెక్కడ? తర్వాత వేసిన అతుకు రంగు తేడాగా ఉందా? ఏ వైపు ఎక్కువ అరిగింది? దాన్నిబట్టి వేసుకున్నవారు కుడిచేతి వాటమా, ఎడమచేతి వాటమా చెప్పగలరా? గీతలు, అక్షరాలు, ముద్రలు ఉంటే పలచని కాగితం పరిచి పెన్సిలుతో రుద్ది నకలు తీయండి. ఎవరు చేశారు, ఏ ఊరివారు, కూలి డబ్బుగా ఇచ్చారా, ధాన్యంగానా అన్నది ఇంట్లో పెద్దవారిని అడిగి, వారు చెప్పిన మాటల్లోనే రాయండి. బరువు, ధర అన్నింటికంటే చివర రాయండి, లేదా వదిలేయండి.

వెనక బెంచీ విద్యార్థి ఆ ఏడాది ఇలాంటి అభ్యాసమే అప్పగించారు. నగ బదులు తన తాతగారి కమ్మచ్చును ఎంచుకున్నారు. అందులో బెజ్జాలు 42 అని, చివరి ఆరింటిలో తీగ లాగడం తాత తర్వాత ఇంట్లో ఎవరికీ చేతకాలేదని, ఆ ఆరింటి అంచులు మాత్రం మిగతావాటికంటే ఎక్కువ అరిగి ఉన్నాయని రాశారు. అట్ట మీద తాతగారి పేరు, ఊరు పెద్ద అక్షరాల్లో రాసి, తన హాల్‌టికెట్టు నంబరు కింద మూలన చిన్నగా వేశారు.